మట్టికి మందు వేస్తే రోడ్డు నిలుస్తుందా?

వాన పడితే ఊరి మట్టి రోడ్డు ఎట్లా ఉంటుందో ఆడవాళ్లకు చెప్పనక్కర లేదు. బండి చక్రం దిగబడుతుంది. ఆటో రాదు. బడి పిల్లలు చెప్పులు చేత పట్టుకొని నడుస్తారు. పాల క్యాను నెత్తిన పెట్టుకొని బురదలో నడవాలి. నొప్పులు వచ్చిన మనిషిని మంచం మీద మోసుకుపోవాలి. 108 బండి ఊరి బయటే ఆగిపోతుంది.

ఎండాకాలం ఇంకో బాధ. బండి పోతే చాలు, దుమ్ము లేస్తుంది. ఆరబెట్టిన వడియాల మీద దుమ్ము. బిందెలో దుమ్ము. పిల్లల కళ్లలో దుమ్ము.

తారు రోడ్డు వేయాలంటే డబ్బు కావాలి. కంకర కావాలి. కంకర దూరం నుంచి రావాలంటే లారీ కిరాయే ఎక్కువ అవుతుంది. అందుకే ఉన్న మట్టినే గట్టిపరచి రోడ్డు వేసే పద్ధతులు వచ్చాయి. సున్నం కలపడం ఒక పద్ధతి. సిమెంటు కలపడం ఒక పద్ధతి. డబ్బాలో వచ్చే ఎంజైము మందును నీళ్లలో కలిపి చల్లడం ఇంకో పద్ధతి.

"ఈ మందు చల్లితే మట్టి రాయి అవుతుంది" అని అమ్మేవాళ్లు చెబుతారు. నిజంగా అవుతుందా? ఎక్కడ అవుతుంది? ఎక్కడ కాదు? రోడ్డు డబ్బు ఊరి డబ్బు. కాబట్టి ఈ సంగతి ఊళ్లో వాళ్లు తెలుసుకోవాలి.

మట్టిలో ఏముంది?

మట్టి అంతా ఒకటే అనుకుంటాం. కాదు. మట్టిలో నాలుగు రకాల రేణువులు ఉంటాయి. గులకరాళ్లు, ఇసుక, ఒండ్రు, బంకమన్ను. ఒండ్రు ఇసుక కన్నా సన్నగా పిండిలా ఉంటుంది. బంకమన్ను అన్నిటికన్నా సన్నం. ఒక మిల్లీమీటరును 500 భాగాలు చేస్తే, అందులో ఒక భాగం కన్నా బంకమన్ను రేణువు చిన్నది. కంటికి కనపడదు.

ఇసుక రేణువు గింజలాగా ఉంటుంది. బంకమన్ను రేణువు రేకులాగా ఉంటుంది. ఈ రేకులు నీళ్లను పట్టుకుంటాయి. రేకుకూ రేకుకూ నడుమ నీళ్లు చేరితే జారుతాయి. అదే బురద. నీళ్లు పోతే రేకులు దగ్గరికి వస్తాయి. అప్పుడు మట్టి గట్టిపడుతుంది.

నల్లరేగడిలో బంకమన్ను చాలా ఎక్కువ. వానకు ఉబ్బుతుంది. ఎండకు కుంచించుకుపోతుంది. అందుకే చేలో కాలు దూరేంత నెర్రెలు పడతాయి. నల్లరేగడి మీద కట్టిన గోడలు బీటలు వారడానికి, వేసిన రోడ్లు గుంతలు పడడానికి కారణం ఇదే.

ఇసుకకు ఉబ్బే గుణం లేదు. కానీ పట్టు లేదు. ఒట్టి ఇసుక చక్రం కింద జారిపోతుంది.

మంచి రోడ్డుకు రెండూ కావాలి. బలానికి ఇసుక, గులకరాళ్లు కావాలి. పట్టుకు బంకమన్ను కావాలి. ఎర్రమొరం రోడ్లు కొంత బాగా నిలిచేది ఇందుకే. అందులో రెండూ ఉంటాయి.

పెద్దవాళ్ల తెలివి

మట్టిని గట్టిపరచడం కొత్త విద్య కాదు. మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు తెలిసిన విద్యే.

ఇల్లు పేడతో అలుకుతారు. పేడలో అరగని గడ్డి పీచు ఉంటుంది, జిగురు ఉంటుంది. మట్టి దుమ్ము లేవకుండా పట్టి ఉంచుతుంది. గోడ పెట్టడానికి మట్టిలో వరిగడ్డి, ఊక కలిపి తొక్కుతారు. కొన్ని రోజులు నాననిస్తారు. మట్టి పులిసిన వాసన వస్తుంది. అప్పుడు జిగురు పెరుగుతుంది.

పొయ్యికి, అరుగుకు పుట్టమన్ను తెస్తారు. చెదపురుగు ఒక్కో మట్టి రేణువును తన ఎంగిలితో అతికించి పుట్ట కడుతుంది. అందుకే ఎంత వాన పడినా పుట్ట తొందరగా కరగదు.

రాయలసీమలో మట్టి మిద్దెల మీద వానలకు ముందు చవుడు పోస్తారు. తడిసిన చవుడు సందులు పూడ్చి, నీళ్లు కిందికి దిగకుండా ఆపుతుంది. పాత కోటలకు, గుళ్లకు గానుగ సున్నం వాడారు. అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు.

పేడ, పులిసిన మట్టి, పురుగు ఎంగిలి, బెల్లం నీళ్లు. ఇవన్నీ ప్రాణం ఉన్న వాటి నుంచి వచ్చినవే. ఎంజైము మందు కూడా అట్లాంటిదే.

ఎంజైము అంటే ఏమిటి?

అన్నం ముద్దను చాలాసేపు నమిలితే తియ్యగా అవుతుంది. ఎందుకు? మన ఎంగిలిలో ఒక పదార్థం ఉంది. అది అన్నంలోని పిండిని చక్కెరగా మారుస్తుంది. ఆ పదార్థమే ఎంజైము.

ఎంజైము పురుగు కాదు. దానికి ప్రాణం లేదు. ప్రాణుల ఒంట్లో, మొక్కల్లో తయారవుతుంది. జరగవలసిన పనిని తొందరగా జరిపిస్తుంది. కొంచెమే ఉన్నా చాలా పని చేయిస్తుంది.

రోడ్ల మందును మొక్కల రసాలను, చెరకు మడ్డి వంటి వాటిని పులియబెట్టి తయారుచేస్తారు. చిక్కగా, గోధుమ రంగులో ఉంటుంది. బెల్లం పాకం వాసన వస్తుంది. నీళ్లలో కలిసిపోతుంది. ట్రాక్టర్ల కొద్దీ మట్టికి కొన్ని లీటర్లే చాలు. అందుకే రవాణా ఖర్చు తక్కువ.

ఇది మట్టిలో ఏం చేస్తుంది? తయారుచేసే వాళ్లు చెప్పేది ఇది. బంకమన్ను రేకులను పట్టుకొని ఉన్న నీళ్లను మందు విడిపిస్తుంది. సబ్బు నీళ్లలాగా నీటిని పలచగా పారేలా చేస్తుంది. నీళ్లు బయటికి పోతాయి. రోలరు తొక్కినప్పుడు రేకులు బాగా దగ్గరికి వస్తాయి. తరువాత మళ్లీ నీళ్లను అంతగా పీల్చవు.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. మందు పనిచేసేది బంకమన్ను మీద. బంకమన్ను లేని మట్టిలో దానికి పని లేదు. ఒట్టి ఇసుకలో ఈ మందు పోయడం, ఇసుకలో నీళ్లు పోయడమే.

రోడ్డు వేసే తీరు

ముందు మట్టిని పరీక్షకు పంపాలి. తరువాత పని ఈ వరుసలో జరగాలి.

1. రోడ్డును సుమారు 15 సెంటీమీటర్ల లోతు, అంటే అర అడుగు, దున్నాలి. గడ్డలు పగలగొట్టాలి. వేర్లు, చెత్త ఏరివేయాలి.

2. ట్యాంకరు నీళ్లలో లెక్క ప్రకారం మందు కలపాలి. మట్టి మీద సమంగా చల్లాలి.

3. మట్టిని బాగా కలపాలి. చపాతీ పిండిలో నీళ్లు అంతటా కలిసినట్టు కలవాలి. ఒకచోట తడి, ఒకచోట పొడి ఉండకూడదు.

4. రోడ్డు నడుమ ఎత్తుగా, పక్కలు వాలుగా సర్దాలి. తాబేలు వీపు లాగా ఉండాలి.

5. తడి సరిగా ఉన్నప్పుడే రోలరు తొక్కించాలి. ఒకసారి పోయి వస్తే చాలదు. మట్టి అణగడం ఆగేదాకా తొక్కించాలి.

6. తరువాత రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. ఆ రోజుల్లో వాన పడితే పని చెడుతుంది. అందుకే ఈ పని ఎండ రోజుల్లోనే చేయాలి.

తడి సరిగా ఉందో లేదో చూడడానికి యంత్రం అక్కరలేదు. కలిపిన మట్టిని పిడికిట పట్టి ముద్ద చేయాలి. నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదలాలి. నాలుగైదు ముక్కలు అయితే తడి సరిపోయింది. పొడి పొడిగా రాలితే నీళ్లు తక్కువ. పగలకుండా చప్పిడిగా అతుక్కుపోతే నీళ్లు ఎక్కువ.

పరీక్షలు ఏం చెప్పాయి?

అమెరికాలో ఈ మందులను పరీక్షించారు. టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు మూడు రకాల ద్రవ మందులను బంకమట్టి రకాలలో కలిపి చూశారు. ఆ మూడింటిలో ఒకటి ఎంజైము. అమ్మేవాళ్లు చెప్పిన కొలత ప్రకారమే కలిపారు. 2002లో ఫలితం చెప్పారు. అన్ని మట్టి రకాలలోనూ నమ్మదగిన మేలు ఏదీ కనిపించలేదు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో రెండు ఎంజైము మందులను రెండు రకాల మట్టిలో కలిపి చూశారు. ఒక మందు రెండు మట్టి రకాలనూ గట్టిపరచింది. రెండో మందు ఒక మట్టినే గట్టిపరచింది. ఇంకో మట్టిలో దానివల్ల మేలు లేదు.

అంటే ఏమిటి? మందు ఒట్టి మోసం అని కాదు. అన్ని చోట్లా పనిచేసే మంత్రం అని కూడా కాదు. జ్వరం బిళ్ల అన్ని రోగాలకూ పనికిరాదు కదా! ఇదీ అంతే. పక్క ఊరి రోడ్డుకు పనిచేసింది కాబట్టి మన ఊరి రోడ్డుకూ పనిచేస్తుంది అని చెప్పలేం. పక్క ఊరి మట్టి వేరు, మన ఊరి మట్టి వేరు.

ఇంకో కిటుకు ఉంది. మందు లేకపోయినా, సరైన తడిలో బాగా రోలరు తొక్కిస్తే మట్టి గట్టిపడుతుంది. అప్పుడు ఆ గట్టిదనం మందుదా, రోలరుదా? ఎట్లా తెలుస్తుంది? ఒకటే దారి. ఒక ముక్క రోడ్డును మందుతో వేయాలి. పక్కనే ఒక ముక్కను మందు లేకుండా, అదే తడితో, అదే రోలరుతో వేయాలి. ఒక వానాకాలం గడిచాక రెండూ చూడాలి.

సున్నం, సిమెంటు ఎక్కడ?

బంకమన్ను ఎక్కువగా ఉన్న మట్టికి సున్నం మంచిది. సున్నం కలిస్తే నల్లరేగడి ఉబ్బడం తగ్గుతుంది. జిగట పోయి పలుకుగా విడుతుంది. నెలలు గడిచేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న మట్టికి సిమెంటు మంచిది. కరెంటు తయారుచేసే బొగ్గు కేంద్రాల బూడిదను కూడా సున్నంతో కలిపి వాడతారు.

ఇవి చాలాకాలంగా పరీక్షకు నిలిచిన పద్ధతులు. మన దేశంలో రోడ్డు పనులకు నియమాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. అది 1934లో మొదలైంది. మట్టిలో సున్నం, సిమెంటు, బూడిద ఎట్లా కలపాలో చెబుతూ 2010లో ఒక నియమాల పుస్తకం వేసింది.

సున్నంతో పనిచేసేటప్పుడు జాగ్రత్త. పొడి సున్నం కళ్లలో పడితే చూపు పోవచ్చు. చేతులకు తొడుగులు వేసుకోవాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. కంట్లో పడితే వెంటనే చాలాసేపు మంచినీళ్లతో కడగాలి. ఆస్పత్రికి పోవాలి.

ఇంట్లో చేసే పరీక్షలు

సీసా పరీక్ష: గాజు సీసాలో మూడో వంతు మట్టి పోయాలి. మిగతా భాగం నీళ్లు పోయాలి. చిటికెడు ఉప్పు వేయాలి. బాగా కుదిపి కదలకుండా పెట్టాలి. ముందు ఇసుక అడుగుకు చేరుతుంది. దాని మీద ఒండ్రు చేరుతుంది. అన్నిటికన్నా పైన బంకమన్ను మరునాటికి పేరుకుంటుంది. స్కేలు పెట్టి ఏ పొర ఎంత మందం ఉందో కొలవాలి. మట్టిలో ఏది ఎంత ఉందో సుమారుగా తెలుస్తుంది.

చేతి పరీక్ష: తడి మట్టిని చేతికి రుద్దుకొని కడగాలి. వెంటనే పోతే ఇసుక ఎక్కువ. జారుతూ, జిగటగా ఎంతకీ వదలకపోతే బంకమన్ను ఎక్కువ.

బిళ్ల పరీక్ష: మందు పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష ఇది. ఒకే మట్టిని జల్లించి రెండు భాగాలు చేయాలి. ఒకదానిలో ఒట్టి నీళ్లు, రెండోదానిలో అంతే కొలత మందు నీళ్లు కలపాలి. ఒకే గిన్నె అచ్చుగా పెట్టి, ఒకే బలంతో అదిమి బిళ్లలు చేయాలి. మూడు బిళ్లలు అటు, మూడు బిళ్లలు ఇటు. గుర్తులు పెట్టాలి. నీడలో వారం రోజులు ఆరనివ్వాలి. తరువాత వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి అందులో పెట్టాలి.

ఏవి ముందు కరిగాయి? ఏవి నిలిచాయి? రెండూ ఒకేసారి కరిగితే, ఆ మందు ఆ మట్టికి పనికిరాదని అనుమానించాలి. మందు బిళ్లలు బాగా నిలిస్తే, అప్పుడు ఇంజనీరు చేత అసలు పరీక్ష చేయించాలి. ఇంటి పరీక్ష ఇంజనీరు పరీక్షకు బదులు కాదు. కానీ ఇంజనీరును ఏమి అడగాలో తెలుపుతుంది.

నీళ్లకు దారి

ఏ మందు వేసినా, ఏ సున్నం వేసినా, నీళ్లు నిలిచిన రోడ్డు నిలవదు. రోడ్డు మీద పడిన వాన పక్కలకు జారాలి. పక్క కాలువలోకి పోవాలి. వాగు దాటే చోట తూము ఉండాలి. పక్క కాలువలో చెత్త వేస్తే, పొలం కలుపుకోవడానికి కాలువ పూడ్చితే, రోడ్డు పోతుంది. ఇంటి వాడకం నీళ్లు రోడ్డు మీదికి వదిలినా అంతే.

దుమ్ము, అరుగుదల తగ్గాలంటే గట్టిపరచిన మట్టి పైన ఇంకో పొర కూడా కావాలి. మొరం గానీ, సన్న కంకర, తారు గానీ వేయాలి. గట్టిపరచిన మట్టి పునాది లాంటిది. పునాది ఎండకూ వానకూ బయట ఉండకూడదు.

మట్టి ఇటుకల ఇల్లు

రోడ్డుకు చెప్పిందే ఇంటికీ వర్తిస్తుంది. మట్టిని గట్టిపరచి, యంత్రంలో అదిమి, కాల్చకుండా ఇటుకలు చేయవచ్చు. బట్టీ అక్కరలేదు. కట్టెలు అక్కరలేదు. ఇట్లాంటి చేతి యంత్రాన్ని 1950లలో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో తయారుచేశారు. మన దేశంలో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు ఈ ఇటుకల మీద చాలా పనిచేశారు. పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్‌లో ఈ ఇటుకలతో పెద్ద పెద్ద భవనాలే కట్టారు.

ఈ ఇటుకలకు ఇసుకపాలు ఎక్కువ ఉన్న మట్టి కావాలి. 100 పాళ్ల మట్టికి 5 నుంచి 8 పాళ్ల సిమెంటు కలుపుతారు. యంత్రంలో అదిమిన తరువాత ఇటుకలను ఎండలో పెట్టకూడదు. గోనెసంచులు కప్పి, మూడు నాలుగు వారాలు రోజూ నీళ్లు చల్లాలి. ఎంజైము మందు వేసిన మట్టి ఆరాలి. సిమెంటు వేసిన మట్టి తడిగా ఉండాలి. ఈ రెండింటి తేడా మరవకూడదు.

సిమెంటుకు బదులు ఎంజైము మందుతో ఇటుకలు చేస్తామని ఎవరైనా అంటే తొందరపడకూడదు. ఇటుకను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టాలి. మెత్తబడిందా చూడాలి. పరీక్షకు పంపి, తడి ఇటుక ఎంత బరువు ఆపుతుందో తెలుసుకోవాలి. రోడ్డు చెడితే గుంత పడుతుంది. గోడ చెడితే ప్రాణం మీదికి వస్తుంది.

మట్టి గోడకు కింద రాతి పునాది, పైన ముందుకు వచ్చిన చూరు ఉండాలి. కింది చెమ్మ, పైనుంచి పడే వాన గోడకు తగలకూడదు.

గ్రామసభలో అడగాల్సినవి

మట్టి రోడ్డుకు మందు వేస్తామని ఊళ్లోకి ఎవరైనా వస్తే, గ్రామసభలో ఈ ప్రశ్నలు అడగాలి.

మా ఊరి మట్టిని ఎక్కడ పరీక్షించారు? ఆ కాగితం ఏది? అందులో బంకమన్ను ఎంత ఉంది?

మందు వేసిన మట్టిని, వేయని మట్టిని పక్కపక్కన పెట్టి చూశారా? నానబెట్టి చూశారా?

ఇదే మట్టికి సున్నం వేస్తే ఎంత ఖర్చు? మొరం పోస్తే ఎంత ఖర్చు?

పక్క కాలువకు, తూముకు డబ్బు లెక్కలో ఉందా?

వాన తరువాత చెడితే ఎవరు బాగుచేయాలి? ఎన్ని సంవత్సరాల దాకా?

ఇట్లా అడగడం తప్పు కాదు, హక్కు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. ఆ పథకం కింద వేసిన రోడ్డును 5 సంవత్సరాలు కాంట్రాక్టరే బాగుచేయాలి. రోడ్డు పక్కన పని వివరాల బోర్డు పెట్టాలి. చదువు వచ్చిన వాళ్లు ఆ బోర్డు చదవాలి. ఎన్ని కిలోమీటర్లు, ఎంత డబ్బు, ఎప్పుడు పూర్తయింది అని చూడాలి. లెక్కలు చూపించకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం కాగితం రాసి అడగవచ్చు.

"రోడ్డు సంగతి మీ ఆడవాళ్లకెందుకమ్మా?" అని ఎవరైనా అనవచ్చు. బిందె మోసేది ఎవరు? పిల్లలను బడికి పంపేది ఎవరు? నొప్పులతో ఆ రోడ్డు మీద పోయేది ఎవరు? రోజూ పేడతో నేల అలికి, మట్టితో పొయ్యి వేసిన చేతులకు మట్టి గుణం తెలుసు. ఆ తెలివికి చదువు తోడైంది. ఇక అడగడమే మిగిలింది.

ఆలోచించండి – చర్చించండి

1. మీ ఊరి మట్టి ఏ రకం? సీసా పరీక్ష చేసి చూడండి. ఏ పొర ఎంత ఉంది?

2. మీ ఊరి రోడ్డు మీద నీళ్లు ఎక్కడ నిలుస్తాయి? ఎందుకు నిలుస్తాయి?

3. ఒట్టి ఇసుక నేలలో ఎంజైము మందు ఎందుకు పనిచేయదు?

4. మందు వేసిన రోడ్డు పక్కనే మందు వేయని ముక్క ఎందుకు ఉండాలి?

5. మీ ఊళ్లో పెద్దవాళ్లు గోడలకు, అరుగులకు మట్టిలో ఏమేమి కలిపేవారు? అడిగి రాయండి.

కొత్త మాటలు

ఎంజైము: ప్రాణుల్లో, మొక్కల్లో తయారై, ఒక పనిని తొందరగా జరిపించే పదార్థం.

బంకమన్ను: మట్టిలో అన్నిటికన్నా సన్నని, జిగట ఉన్న భాగం.

ఒండ్రు: ఇసుక కన్నా సన్నగా, పిండిలా ఉండే మట్టి.

తూము: రోడ్డు కింది నుంచి నీళ్లు పోవడానికి కట్టిన దారి.